ఎలక్ట్రిక్ కారు వెనక ట్రాలీ: లాగే బలం ఉంది, కాగితమే లేదు

హన్మకొండలో ఇల్లు, నర్సంపేట దగ్గర నాలుగెకరాల మిర్చి తోట. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఇలాంటి కుటుంబాలు కోకొల్లలు. వారమంతా ఉద్యోగం, పిల్లల బడి, ఆదివారం వస్తే తోట. కారు కొనేటప్పుడు వీళ్లకు ఒక ఆశ ఉంటుంది. అదే బండి వెనక చిన్న ట్రాలీ తగిలించుకుంటే యూరియా బస్తాలు, డ్రిప్ పైపులు, మందు కొట్టే పంపు అన్నీ ఒకే తిరుగుడులో పోతాయి, సీజన్‌లో ట్రాలీ ఆటో కోసం పది ఫోన్లు చేసే బాధ తప్పుతుంది. పైగా తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. 2024 నవంబరులో ఇచ్చిన జీవో 41 ప్రకారం ఈ మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకు ఉంది. పది లక్షల పెట్రోలు కారుకు ఒక్క లైఫ్ ట్యాక్సే లక్ష దాటే చోట ఇది చిన్న సంగతేం కాదు. దాంతో సగటు కొనుగోలుదారుడి చూపు ఎలక్ట్రిక్ కారు మీద పడుతోంది, ఆ వెంటనే ట్రాలీ మాట వస్తోంది.

ముందు బలం సంగతి చూద్దాం. ఎలక్ట్రిక్ మోటారుకు సున్నా వేగం దగ్గరే పూర్తి టార్క్, అంటే తిప్పే బలం, వస్తుంది. క్లచ్ పట్టుకుని, రేస్ పెంచి, బండి అదిరిపోతుంటే కదిలించే పని లేదు. అంకెలు చూసినా ఊరించేలాగే ఉంటాయి. మన ఊళ్లలో లోడుకు పెట్టింది పేరైన మహీంద్రా బొలెరో డీజిల్ ఇంజిన్ టార్క్ 210 న్యూటన్ మీటర్లు. టాటా నెక్సాన్ ఈవీ 45 మోడల్‌ది 215, ఎంజీ విండ్సర్‌ది 200, మహీంద్రా ఎక్స్‌యూవీ 400ది ఏకంగా 310. బొలెరో గుంజేది ఇది గుంజదా అని అడిగేవాళ్ల తప్పేం లేదు.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఈ ఎలక్ట్రిక్ కార్లకు గేరు ఒక్కటే. మోటారు బలం చక్రానికి చేరేసరికి తొమ్మిది, పది రెట్లు అవుతుంది. డీజిల్ బండి మొదటి గేరులో ఉన్నప్పుడు, వెనక డిఫరెన్షియల్‌తో కలిపి, అదే బలం 14 నుంచి 16 రెట్ల దాకా పోతుంది. వానకు మెత్తబడిన నల్లరేగడిలో దిగబడిన లోడును బొలెరో మొదటి గేరులో మెల్లగా బయటికి లాగుతున్నా, ఇంజిన్ మాత్రం దాని వేగంలో అది తిరుగుతూనే ఉంటుంది. అదే పని ఎలక్ట్రిక్ మోటారుకు చెబితే, అది దాదాపు తిరగకుండానే నిండా కరెంటు తీసుకుంటుంది. బండి కదలనప్పుడు ఆ కరెంటంతా వేడిగా మారుతుంది. వేడి హద్దు దాటుతున్నట్టు తెలియగానే, మోటారుకు పోయే కరెంటును అదుపు చేసే కంట్రోలర్ పవర్ తగ్గించేస్తుంది. తారు రోడ్డు మీద ఈ సమస్య కనిపించదు. పొలం బాట మీద మాత్రం కనిపిస్తుంది, అదీ లోడు ఉన్న రోజే కనిపిస్తుంది.

ఇంకొకటి, ఏ చక్రాలు తిరుగుతున్నాయన్నది. నెక్సాన్, పంచ్, విండ్సర్, ఎక్స్‌యూవీ 400, క్రెటా ఎలక్ట్రిక్, అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. వెనక కొక్కెం మీద బరువు పడితే కారు తోక దిగి, ముందు చక్రాల మీది బరువు కొంత తేలిపోతుంది. నడిపించే చక్రాల మీదే పట్టు తగ్గిందంటే తడి నేలలో అవి ఉన్నచోటే తిరుగుతాయి. మహీంద్రా బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ వెనక చక్రాలతో నడుస్తాయి కాబట్టి ఈ పనికి వాటి నిర్మాణం మెరుగు. కానీ బీఈ 6 షోరూం ధరే 18.90 లక్షల దగ్గర మొదలైంది.

రాసి ఉంటేనే లాగాలి

ఒక కారు ఎంత లాగగలదన్నది కొన్నవాడు పరీక్షించి తేల్చే విషయం కాదు. తయారుచేసిన కంపెనీ చెప్పాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి. యూరప్‌లో దీనికి ఒక పరీక్ష ఉంది. నిండు లోడుతో ఉన్న కారు, నిండు లోడుతో ఉన్న ట్రాలీని 12 శాతం వాలున్న ఎక్కుడులో ఐదు నిమిషాల్లో ఐదుసార్లు ఆపి మళ్లీ కదిలించగలగాలి. అంటే ఒకసారి గుంజితే సరిపోదు, మాటిమాటికీ గుంజినా వేడెక్కి చేతులెత్తేయకూడదు. దీనికి తోడు బ్రేకులు ఆ అదనపు బరువును ఆపగలగాలి, వెనక ఛాసిస్ ఆ లాగుడును తట్టుకోవాలి, ఎక్కుడులో పార్కింగ్ బ్రేకు రెండింటినీ పట్టి ఉంచాలి. ఎలక్ట్రిక్ కార్లు బ్యాటరీ మూలంగా ముందే బరువెక్కి ఉంటాయి. అందుకే టార్క్ దండిగా ఉన్నా, లాగే బరువు మాత్రం కంపెనీలు పొదుపుగానే రాస్తాయి.

అక్కడి అంకెలు చూస్తే ధరకు, లాగే బరువుకు ఉన్న సంబంధం తెలుస్తుంది. బ్రిటన్‌లో ఎంజీ జెడ్ఎస్ ఈవీకి 500 కిలోలు ఇచ్చారు. బీవైడీ అట్టో 3కి 750. పెద్ద బ్యాటరీ హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6, టెస్లా మోడల్ వై మూడింటికీ 1,600, అదీ ట్రాలీకి సొంత బ్రేకులుంటేనే. ఈ ఐదు పేర్లూ భారత్‌లో అమ్మినవే. కాకపోతే 1,600 కిలోల వాటిలో అన్నిటికంటే తక్కువ ధరలో వచ్చిన అయానిక్ 5 మన దగ్గర 44.95 లక్షలకు విడుదలైంది, మోడల్ వై 59.89 లక్షలకు. చవకగా రావాలి, దండిగా లాగాలి అనే కోరిక అక్కడే తీరలేదు.

ఆ 500, 750 అంకెలను పట్టుకుని ఇక్కడ ట్రాలీ కట్టేస్తే కుదరదు. అనుమతి ఏ దేశానికి ఆ దేశానిదే. మన దగ్గర 20 లక్షల లోపు అమ్ముడవుతున్న ఎలక్ట్రిక్ కార్ల బ్రోషర్లలో బ్యాటరీ, రేంజ్ (ఒక్క ఛార్జింగ్‌తో పోయే దూరం), డిక్కీ లీటర్లు, స్పీకర్ల సంఖ్య అన్నీ ఉంటాయి, లాగే బరువు అన్న గడి మాత్రం కనిపించదు. ఆ గడి లేని కారు వెనక వెల్డింగ్ షాపులో కొక్కెం పెట్టించడం అంటే బండిని మార్చడమే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధమైన మార్పును ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. బంపర్ ముందు ఇనుప గార్డులు పెట్టుకోవద్దని 2017లోనే కేంద్రం చెప్పిన సంగతి కారున్న చాలామందికి తెలుసు. వెనక కొక్కెం ఆలోచన వచ్చినప్పుడు మాత్రం అది గుర్తుకు రాదు.

ట్రాలీకి కూడా కాగితాలు కావాలి. ఇంజిన్ లేకపోయినా చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే. దానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. ఊళ్లో నంబరు లేని ట్రాక్టర్ ట్రాలీలు ఎన్ని తిరగడం లేదు, మన దానికే అడ్డమా అనే వాదన ఒకటి వస్తుంది. తిరుగుతున్న మాట నిజమే. కానీ గంటకు 20, 25 కిలోమీటర్లతో ఊరి బాటన పోయే ట్రాక్టర్ వేరు, 563 జాతీయ రహదారి మీద కరీంనగర్ వైపు 80తో పోయే కారు వేరు. ప్రమాదం జరిగిన తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్ మొదట చూసేది ఆ కొక్కెం వెల్డింగే. పైగా నేల కింద బ్యాటరీ ఉన్న బండికి అడుగున డ్రిల్లింగ్, వెల్డింగ్ చేయించడం అంటే ఎనిమిదేళ్లు, లక్షా అరవై వేల కిలోమీటర్ల బ్యాటరీ వారంటీని పందెం కాసినట్టే. ఆ బ్యాటరీ ధర తెలిసినవాళ్లు ఆ పని చేయరు.

బరువు కంటే గాలి బరువు

కాగితం సంగతి పక్కన పెట్టి, రేపు ఏదో కంపెనీ 500 కిలోలకు ఒప్పుకుందనే అనుకుందాం. అప్పుడు వచ్చే ప్రశ్న రేంజ్. బరువు పెరిగితే బ్యాటరీ తొందరగా అయిపోతుందని అందరూ అంటారు. లెక్క వేస్తే బరువు పాత్ర తక్కువ, గాలి పాత్ర ఎక్కువ.

నెక్సాన్ సైజు కారు ఒంటరిగా, ఏసీ వేసుకుని, 80 వేగంతో పోతే వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు ఖర్చవుతుంది. కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో రాసే యూనిటే. 500 కిలోల ట్రాలీ చక్రాలు రోడ్డు మీద దొర్లడానికి అయ్యే అదనపు ఖర్చు వంద కిలోమీటర్లకు రెండు యూనిట్లు కూడా దాటదు. లోడు కారు ఎత్తుకు మించకుండా, పరదా బిగించి కట్టిన పొట్టి ట్రాలీ అయితే మొత్తం ఖర్చు 20 యూనిట్ల దగ్గర ఆగుతుంది. అదే బరువును ఎత్తుగా, నాలుగు పలకల డబ్బాలా పేర్చితే 27కు ఎగబాకుతుంది. మిర్చి సరిగ్గా ఈ రకం సరుకు. బరువు తక్కువ, ఒళ్లు ఎక్కువ. బస్తా మీద బస్తా ఎక్కించే కొద్దీ గాలికి అడ్డంగా గోడ లేస్తుంది. యూరియా దీనికి పూర్తిగా వ్యతిరేకమైన సరుకు. 45 కిలోల బస్తాలు పది వేసినా ట్రాలీలో ఎత్తు పెద్దగా పెరగదు.

ఈ నష్టాన్ని తగ్గించే మందు ఒక్కటే, వేగం తగ్గించడం. గాలి అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 80 నుంచి 60కి దిగితే ఆ అడ్డు 44 శాతం తగ్గుతుంది. ఎత్తు లోడుతో 27 యూనిట్లు తాగిన బండి 60 వేగంలో 20తో సరిపెట్టుకుంటుంది. ఎక్కుడుల గురించి అందరికీ ఉండే టెన్షన్ కూడా అంత అవసరం లేదు. కారు, ట్రాలీ, మనుషులు కలిపి 2,150 కిలోలు ఉందనుకుంటే వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి కావాల్సింది అర యూనిట్‌కు కాస్త ఎక్కువ. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోయే దారిలో మహబూబ్ ఘాట్ ఎక్కినా బ్యాటరీకి పడే దెబ్బ చిన్నదే, దిగేటప్పుడు అందులో కొంత తిరిగి వస్తుంది.

మేడారం జాతరనే తీసుకుందాం. రెండేళ్లకోసారి కుటుంబం మొత్తం, వంట సామాను, బెల్లం, మేక, టెంటు, అన్నీ కదిలే ప్రయాణం అది. వరంగల్ నుంచి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా సుమారు వంద కిలోమీటర్లు, రానుపోను రెండు వందలు. 40 యూనిట్ల బ్యాటరీలో భయం లేకుండా వాడుకోగలిగేది 30 యూనిట్లు. ఒంటరి కారైతే సరిగ్గా రెండు వందలు వస్తుంది. పొట్టి ట్రాలీతో 150. ఎత్తు లోడు పెట్టి 80తో పోతే 110. అంటే గద్దెల దగ్గరికి చేరే సరికే రావడానికి కరెంటు లేదన్నమాట. జాతర ట్రాఫిక్‌లో పస్రా దాటాక గంటలకొద్దీ నిలబడితే ఆ సేపంతా ఏసీ తినేది వేరు. కారవాన్ (ఇల్లు లాంటి ఎత్తు ట్రాలీ) లాగే ఎలక్ట్రిక్ కార్ల రేంజ్ దాదాపు సగానికి పడిపోతుందని విదేశాల్లో పరీక్షించినవాళ్లు పదే పదే చూపించారు. ఈ లెక్క కూడా అక్కడికే వస్తోంది.

దారిలో ఛార్జింగ్ పెట్టుకోవచ్చు కదా అంటే, ఫాస్ట్ ఛార్జర్లు చాలావరకు పెట్రోలు బంకు మూలనో, హోటల్ పార్కింగ్‌లోనో గోడ వారగా ఉంటాయి. కారు మూతి పెట్టి నిలపడానికి మాత్రమే చోటు. వెనక ట్రాలీ ఉంటే అది దారికి అడ్డం పడుతుంది. ప్రతిసారీ ట్రాలీ విప్పి పక్కన పెట్టి, ఛార్జింగ్ అయ్యాక మళ్లీ తగిలించుకోవాలి. మే నెలలో రామగుండం ఎండలో ఈ పని రెండుసార్లు చేసినవాడికి ట్రాలీ మీద మోజు పోతుంది.

లోడు పేర్చే తీరుకూ ప్రాణానికీ సంబంధం ఉంది. ట్రాలీ మొత్తం బరువులో పదో వంతు దాకా కొక్కెం మీద పడాలి. 500 కిలోలకు 50 కిలోలు. బరువైన బస్తాలు ఇరుసు మీద, కాస్త ముందుకు రావాలి. దించుకోవడానికి తేలికని వెనక అంచున పేర్చితే కొక్కెం పైకి లేస్తుంది, వేగం పెరిగే కొద్దీ ట్రాలీ పాము తోకలా ఊగుతుంది, ఒక హద్దు దాటాక కారునే తిప్పేస్తుంది. ఎలక్ట్రిక్ కారుతో ఇంకో చిక్కు కూడా ఉంది. యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే రీజెన్ (మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీకి కరెంటు తిప్పి పంపే ఏర్పాటు) కారును పట్టేస్తుంది, ట్రాలీని పట్టేది ఎవరూ లేరు. అది వెనక నుంచి తోస్తుంది. తడి రోడ్డు మీద మలుపులో ఇది మంచిది కాదు. నెక్సాన్ లాంటి వాటిలో రీజెన్ తగ్గించుకునే ప్యాడిల్స్ ఉన్నాయి. బ్యాటరీ నూటికి నూరు నిండి ఉన్నప్పుడు రీజెన్ దాదాపు పనిచేయదని కూడా గుర్తుంచుకోవాలి, ఆ పూట ఆపే భారమంతా మామూలు బ్రేకుల మీదే.

అదే డబ్బుకు రెండు బండ్లు

వెనక చక్రాల కారు, పెద్ద బ్యాటరీ, మంచి టార్క్ కావాలని బీఈ 6 దాకా పోతే 18.90 లక్షలు. అంత పెట్టినా ట్రాలీ కాగితం రాదు. ఇంకో దారి చూడండి. టాటా పంచ్ ఈవీ 2024 జనవరిలో 10.99 లక్షలకు వచ్చింది. 2025 జూన్‌లో టాటా ఏస్ ప్రో ఎలక్ట్రిక్ మినీ ట్రక్కు 6.50 లక్షలకు వచ్చింది. లోడు 750 కిలోలు, బ్యాటరీ 14.4 యూనిట్లు, కంపెనీ చెప్పే రేంజ్ 155 కిలోమీటర్లు. రెండూ కలిపి 17.49 లక్షలు. ఒక్క పెద్ద కారు కంటే తక్కువకు, ఏ చిన్న ట్రాలీకీ రాని లోడుతో, పూర్తిగా చట్టబద్ధంగా. మహీంద్రా జియో (ZEO) కూడా ఈ రకమే, 2024 అక్టోబరులో 7.52 లక్షల నుంచి మొదలైంది, 765 కిలోల దాకా మోస్తుంది. ఈ ధరలు విడుదలైన నాటి ప్రారంభ షోరూం ధరలు, వేరియంట్‌ను బట్టి పైకి పోతాయి.

సరుకు బండి అనగానే పర్మిట్ గోల గుర్తొస్తుంది. బ్యాటరీతో నడిచే రవాణా బండ్లకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018 అక్టోబరులోనే చెప్పేసింది. ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ మాత్రం తప్పవు. లైసెన్సు విషయంలో 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టత ఇచ్చింది. 7,500 కిలోల లోపు రవాణా బండికి మామూలు కారు లైసెన్సు చాలు. తోటలో పని లేని రోజుల్లో ఆ మినీ ట్రక్కు ఎనుమాముల మార్కెట్ కిరాయిలకు తిరిగితే దాని ఈఎంఐ కొంతైనా అదే సంపాదించుకుంటుంది. కారు వెనక ట్రాలీకి ఆ అవకాశం లేదు.

ఏడాదిలో ఐదారు తిరుగుళ్లే ఉన్న కుటుంబానికి ఈ రెండో బండి కూడా దండగే. ట్రాలీ ఆటో కిరాయి ఇచ్చేయడమే నయం. చిన్నాచితకా సామాను కారులోనే పోతుంది. నడిపే మనిషి ఒక్కడే ఉండి, వెనక సీటు మడిచి, కింద పట్టా పరిస్తే నాలుగైదు యూరియా బస్తాలు లోపలే పడతాయి. మొత్తం బరువు ఆర్‌సీలో ఉన్న హద్దు దాటకుండా చూసుకుంటే చాలు.

పొలం పని అసలుగా, రోడ్డు పని కొసరుగా ఉన్నవాళ్లు చూడాల్సింది కారును కాదు, ఎలక్ట్రిక్ ట్రాక్టర్‌ను. సోనాలిక 2020 డిసెంబరులో తెచ్చిన టైగర్ ఎలక్ట్రిక్ 25.5 యూనిట్ల బ్యాటరీతో రెండు టన్నుల ట్రాలీని గుంజుతుందని, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు అని కంపెనీ చెప్పింది. దీన్ని పైన చెప్పిన గాలి లెక్క పక్కన పెట్టి చూడండి. బ్యాటరీ నెక్సాన్ కంటే చిన్నది, లాగే బరువు నాలుగు రెట్లు. వేగం లేదు కాబట్టి గాలి లేదు, లాగడానికే చేసిన గేర్లున్నాయి కాబట్టి మోటారు వేడి లేదు. జీవో 41 పన్ను మినహాయింపు ఎలక్ట్రిక్ ట్రాక్టర్లకూ వర్తిస్తుంది.

లాగాల్సిన వస్తువుల్లో కొన్నింటిని అసలు లాగకుండానే తప్పించుకోవచ్చు. ఇంటి ఫంక్షన్‌కో, తోటలో రాత్రి కాపలాకో జనరేటర్ తీసుకెళ్లేవాళ్లు ఉన్నారు. బ్యాటరీ నుంచి బయటికి కరెంటు ఇచ్చే సౌకర్యం ఇప్పుడు నెక్సాన్ ఈవీ, విండ్సర్ ప్రో లాంటి వాటిలో ఉంది. నెక్సాన్‌లో అది 3.3 కేవీఏ దాకా. లైట్లు, ఫ్యాన్లు, మిక్సీ సునాయాసంగా నడుస్తాయి. బోరు మీది ఐదు హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు మాత్రం నడవదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కారు ఎంచుకునేటప్పుడు కొక్కెం గురించి అడిగే బదులు ఈ సౌకర్యం ఏ వేరియంట్‌లో ఉందో అడగడం ఎక్కువ పనికొస్తుంది, చాలా మోడళ్లలో అది అన్ని వేరియంట్లకూ రాదు.

లాగడంలో రెండో సంగతి, కారే ఆగిపోవడం. పెట్రోలు బండి ఆగితే తాడు కట్టి ట్రాక్టర్‌తో ఊళ్లోకి లాక్కొచ్చే అలవాటు మనకుంది. ఎలక్ట్రిక్ కారుకు అది పనికిరాదు. నడిపే చక్రాలు నేల మీద తిరుగుతుంటే వాటితో పాటు మోటారూ తిరుగుతుంది, తిరిగే మోటారు కరెంటు పుట్టిస్తుంది. ఆగిపోయిన బండిలో ఆ కరెంటు పోవాల్సిన దారిలో పోకపోతే, బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ కాలిపోవచ్చు. నాలుగు చక్రాలూ పైకి లేచే ఫ్లాట్‌బెడ్ మీదే తీసుకెళ్లాలి. తాడ్వాయి అడవిలోనో, జన్నారం దారిలోనో ఆగితే ఫ్లాట్‌బెడ్ రావడానికి ఎంతసేపు పడుతుందో, ఎన్ని కిలోమీటర్ల దాకా ఉచితమో బండి కొనకముందే షోరూంలో అడిగి, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కాగితంలో రాయించుకోవాలి. ఈ సంగతి తెలియని టోయింగ్ బండివాడు వచ్చి ముందు చక్రాలు కిందే ఉంచి లాక్కుపోతానంటే, ఎంత రాత్రైనా సరే, ఒప్పుకోకూడదు.